అరవై మెట్రిక్స్ ఉన్నా లెవెల్ 4 ఎందుకు రావడం లేదు?

ఇంజనీరింగ్ పనిలో ఎదురయ్యే చిక్కుల మీద పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నాం. ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ కలిపి తీసుకున్నాను, ఎందుకంటే రాసినవాళ్లు వేరువేరు చోట్ల ఉన్నా అడిగింది దాదాపు ఒక్కటే: సిస్టమ్స్ ఇంజనీరింగ్‌కు మెచ్యూరిటీ మోడల్ (పని పద్ధతులు ఎంత పక్వానికి వచ్చాయో లెవెల్స్‌లో చెప్పేది) అంటూ ఒకటి పెట్టుకున్నాం, మా పనితీరు ఎలా ఉందో అంకెల్లో ఎలా తెలుసుకోవాలి? ఓడలు, నేవీ పరికరాలు, వైద్య పరికరాలు, ఉక్కు, ఇలా మెకానికల్, ఎలక్ట్రికల్, సాఫ్ట్‌వేర్ వాళ్లంతా కలిస్తే తప్ప పూర్తికాని పనులు జరిగే ఊరు అది, కాబట్టి అక్కడి నుంచి ఈ ప్రశ్న రావడం సహజం. రాసినవాళ్ల పేర్లు, వాళ్ల కంపెనీల పేర్లు వాళ్లు కోరినట్టే తీసేశాను.

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక క్వాలిటీ ఇంజనీర్): నమస్కారం మేడమ్. మాది వైద్య పరికరాల కంట్రోల్ యూనిట్లు డిజైన్ చేసే కంపెనీ. సీఎంఎంఐ అనే మెచ్యూరిటీ మోడల్‌లో లెవెల్ 3 వచ్చింది, ఇప్పుడు లెవెల్ 4కి వెళ్దామని మేనేజ్‌మెంట్ పట్టుబడుతోంది. నెలనెలా 60 మెట్రిక్స్ (కొలతలు) సేకరిస్తున్నాం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో డ్యాష్‌బోర్డ్ కూడా ఉంది. కానీ ముందుగా ఒకసారి చూసి వెళ్లడానికి వచ్చిన కన్సల్టెంట్, "ఇందులో లెవెల్ 4కి పనికొచ్చేది దాదాపు ఏమీ లేదు" అనేశారు. ఇంకా ఎన్ని కొలవాలి?

జవాబు: ఇంకేమీ కొలవకండి. ఉన్నవాటిలోనే చాలావరకు ఆపేయాల్సి వస్తుంది, దానికి భయపడొద్దు.

మీ కన్సల్టెంట్ మాట కటువుగా ఉన్నా నిజమే అనిపిస్తోంది. లెవెల్ 2లో చూసేది ఏమిటంటే, ప్రాజెక్టు నడపడానికి ఏ కొలతలు కావాలో అనుకుని, వాటిని సేకరించి, చూసి, దాన్నిబట్టి ఏదైనా చేస్తున్నారా అని. లెవెల్ 3లో కంపెనీ అంతా ఒక పద్ధతి మీద పనిచేస్తూ ఆ కొలతలన్నీ ఒకచోట భద్రపరుస్తున్నారా అని. లెవెల్ 4కి వచ్చేసరికి ప్రశ్నే మారిపోతుంది. ఈ పని మామూలుగా ఎంతలో అవుతుంది, ఎంత అటూఇటూ అవుతుంది, రాబోయే ప్రాజెక్టులో ఎంత అవుతుందో మీరు ముందే చెప్పగలరా? మీ 60 అంకెల్లో ఒక్కటైనా దీనికి జవాబిస్తుందేమో చూడండి. మీ రంగుల డ్యాష్‌బోర్డ్ ఇవ్వదు. ఎరుపు ఎక్కడ మొదలవ్వాలో మేనేజర్లు కూర్చుని నిర్ణయించారు తప్ప మీ పని ఆ హద్దును మీకు చెప్పలేదు.

ఒక లెక్క చేసి చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, సులువుగా ఉండాలని. డిజైన్‌లో మార్పు అడుగుతూ చేంజ్ రిక్వెస్ట్ వచ్చిన రోజు నుంచి అది మూసేసేదాకా పట్టిన రోజులు, వరుసగా పదింటికి ఇవి అనుకోండి: 9, 12, 8, 11, 14, 10, 9, 13, 11, 13. సగటు 11. చాలామంది ఇక్కడే ఆగిపోయి స్లైడ్ మీద 11 అని రాసేస్తారు. ఆగకుండా పక్కపక్క అంకెల మధ్య తేడాలు తీయండి: 3, 4, 3, 3, 4, 1, 4, 2, 2. మొత్తం 26, తొమ్మిదితో భాగిస్తే 2.89. దాన్ని ఇలాంటి లెక్కకు ఎప్పుడూ వాడే స్థిర సంఖ్య 2.66తో గుణిస్తే దాదాపు 7.7 వస్తుంది. సగటుకు కలిపితే 18.7, సగటులోంచి తీస్తే 3.3. అంటే మీ ఆఫీసులో ఈ పని ఇప్పుడున్నట్టే జరిగినంతకాలం ఏ చేంజ్ రిక్వెస్ట్ అయినా సుమారు మూడు రోజులకూ, పంతొమ్మిది రోజులకూ మధ్య ఎక్కడైనా పడొచ్చు. పది అంకెలతో వేసిన హద్దులు తాత్కాలికమే, ఇరవై దాటాక మళ్లీ వేసుకోవాలి, కానీ మొదలుపెట్టడానికి పది చాలు.

ఇప్పుడు దీనితో ఏం తెలిసిందో చూడండి. 14 రోజులు పట్టిన ఆ ఐదో రిక్వెస్ట్ గురించి మీటింగ్ పెట్టి ఎందుకు ఆలస్యమైందని అడిగితే టీమ్ ఏదో ఒక కారణం రాసిస్తుంది, ఆ కారణం వల్ల మీకు ఒరిగేది ఏమీ ఉండదు, ఎందుకంటే 14 అన్నది మీ పనిలో మామూలుగా వచ్చే అంకె. రేపు ఒకటి 21 రోజులు పట్టిందంటే మాత్రం ఆ రోజే వెళ్లి అడగాలి, అక్కడ నిజంగా ఏదో కొత్తది జరిగింది. గాజువాక నుంచి మద్దిలపాలెం రోజూ తిరిగేవాళ్లకు ఇది తెలిసిందే కదా, పది నిమిషాలు అటూఇటూ అయితే ఎవరూ కారణం వెతకరు, రెండు గంటలు పడితే ఎన్ఏడీ కూడలి దగ్గర ఏమైందని ఫోన్ చేసి కనుక్కుంటారు. ఇంకో సంగతి, కస్టమర్‌కు మీరు 10 రోజుల్లో చేస్తామని మాట ఇచ్చి ఉంటే ఈ పదిలో ఆరు ఆ మాట తప్పాయి. ఎవరి మీద కోప్పడినా అది మారదు. పని జరిగే తీరు మార్చాలి, అంటే ఆమోదం కోసం ఎవరి టేబుల్ మీద ఎన్ని రోజులు ఆగుతోందో చూడాలి, లేదంటే మాట మార్చుకోవాలి.

హద్దులు ఇలా పనిలోంచే తీయాలన్న ఆలోచన వాల్టర్ షూహార్ట్‌ది. 1924లో టెలిఫోన్ పరికరాల తయారీలో నాణ్యత కోసం ఆయన తొలి కంట్రోల్ చార్ట్ (అంకెలను వరుసగా వేసి సగటు, ఈ హద్దులు గీసే పటం) గీశారు. 1947–48లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానం మీద మన దేశానికి కూడా వచ్చారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1941లో చేరింది ఆ మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే. కాబట్టి ఈ లెక్కలు మనకు నిన్నమొన్న కన్సల్టెంట్లు మోసుకొచ్చినవేం కావు. ఐబీఎంలో చాలాకాలం పనిచేసిన వాట్స్ హంఫ్రీ 1986లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, ఇదే ఆలోచనను సాఫ్ట్‌వేర్ పనికి వర్తింపజేశారు. అందులోంచే 1991లో సీఎంఎం, 1990ల మధ్యలో సిస్టమ్స్ ఇంజనీరింగ్‌కు విడిగా మోడళ్లు, 2000లో అన్నింటినీ కలిపిన సీఎంఎంఐ వచ్చాయి.

ఇక 60లో ఏవి ఉంచాలి? ముందు మేనేజ్‌మెంట్‌ను ఒక ప్రశ్న అడగండి: మనకు ఎక్కువ డబ్బు, ఎక్కువ టెన్షన్ ఎక్కడ పోతోంది? ల్యాబ్‌లో అన్నీ కలిపి ఆన్ చేసినప్పుడు బోర్డుకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఇంటర్‌ఫేస్ తప్పులు బయటపడుతున్నాయని చెప్పారనుకోండి. అయితే మీరు పట్టుకోవాల్సింది ఇంటర్‌ఫేస్ డాక్యుమెంట్ రివ్యూ, ఇంకా డిజైన్ మార్పులు ఆమోదం పొందే దారి. ఆ రెండింటికే బేస్‌లైన్, అంటే పైన చూసినట్టు మామూలు సగటు, హద్దులు, తీయండి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పరిశోధకుడు విక్టర్ బాసిలీ చెప్పిన పద్ధతి కూడా ఇదే కదా, ముందు లక్ష్యం, దానికోసం ప్రశ్న, ప్రశ్నకు జవాబుగా కొలత. మీ దగ్గర కొలతలు ముందొచ్చి లక్ష్యం కోసం ఎదురుచూస్తున్నాయి. పాత ప్రాజెక్టుల్లో పేజీకి ఎంతసేపు రివ్యూ చేస్తే ల్యాబ్‌దాకా ఎన్ని తప్పులు జారిపోయాయో పక్కపక్కన పెట్టి చూస్తే, రెంటికీ సంబంధం ఉంటే, అదే మీ తొలి ప్రాసెస్ పెర్ఫార్మెన్స్ మోడల్. కొత్త ప్రాజెక్టులో రివ్యూ సమయం తగ్గించమని ఒత్తిడి వచ్చినప్పుడు, తగ్గిస్తే ల్యాబ్‌లో సుమారుగా ఇన్ని తప్పులు ఎక్కువొస్తాయని మీరు అంచనాతో చెప్పగలగాలి. లెవెల్ 4 అంటే ఆ మాట చెప్పగలగడమే.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. చార్ట్ గీసే ముందు "మూసేశాం" అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఒకరు కోడ్ మారిన రోజును, ఇంకొకరు టెస్ట్ పాసైన రోజును, మూడోవారు కస్టమర్ ఒప్పుకున్న రోజును వేస్తే ఆ చార్ట్‌లో కనిపించేది పనిలోని తేడా కాదు, మనుషులు నింపే తీరులోని తేడా. అలాగే లేబుల్ మార్చే చిన్న మార్పునూ, పవర్ సప్లై మార్చే పెద్ద మార్పునూ ఒకే చార్ట్‌లో వేయకండి, హద్దులు అంత వెడల్పుగా వచ్చి దేనికీ పనికిరావు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి ఒక టీమ్ లీడ్): మేడమ్, మా దగ్గర ఎవరి డాక్యుమెంట్‌లో రివ్యూలో ఎన్ని లోపాలు దొరికాయో లెక్కపెట్టి ఏడాది చివర రేటింగ్‌కు వాడతామని హెచ్‌ఆర్ ప్రకటించింది. అప్పటి నుంచి రివ్యూల్లో లోపాలు బయటికి రావడం లేదు, ముందే కారిడార్‌లో ఒకరికొకరు చెప్పుకుని దిద్దేసుకుంటున్నారు. అంకెలు బ్రహ్మాండంగా ఉన్నాయి. భాగాలన్నీ కలిపే ఇంటిగ్రేషన్‌లో మాత్రం సమస్యలు పెరిగాయి. నా టీమ్‌ను తప్పుపట్టలేను, పైవాళ్లకు చెప్పలేను.

జవాబు: పైవాళ్లకు చెప్పి తీరాలమ్మా, ఆలస్యం చేసేకొద్దీ మీ దగ్గరున్న డేటా అంతా పనికిరాకుండా పోతుంది. మీ టీమ్ మోసం చేయడం లేదు. ఇంట్లో పిల్లల ఫీజులు, లోన్ ఈఎంఐలు ఉన్న మనుషులు తమ రేటింగ్ తగ్గించే అంకెను తమ చేత్తో తాము ఎందుకు రాస్తారు? చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ, ఒక గణాంకాన్ని అదుపు చేయడానికి దాని మీద ఒత్తిడి పెడితే అప్పటిదాకా దానికున్న క్రమం చెదిరిపోతుందన్నారు. మీ రివ్యూ రూమ్‌లో సరిగ్గా అదే జరుగుతోంది.

చెప్పే విధానం గురించి. ఫిర్యాదులా వెళ్లకండి, మీ దగ్గరున్న రెండు గీతలు ఒకే కాగితం మీద పెట్టుకుని వెళ్లండి: హెచ్‌ఆర్ ప్రకటనకు ముందూ తర్వాతా రివ్యూలో దొరికిన లోపాలు, అదే కాలంలో ఇంటిగ్రేషన్‌లో దొరికినవి. ప్రకటన వచ్చిన తేదీ దగ్గర నిలువు గీత గీయండి. ఇంటిగ్రేషన్‌లో వాటిని సరిచేయడానికి మీ టైమ్‌షీట్ల ప్రకారం ఎన్ని గంటలు పోయాయో కింద రాయండి. వ్యాఖ్యానం అక్కర్లేదు, ఆ కాగితం చూస్తే ఏ మేనేజర్‌కైనా అర్థమవుతుంది.

బదులుగా ఏం కొలవాలని అడుగుతారు. పుట్టిన దశలోనే ఎన్ని లోపాలు పట్టుకున్నారో చూడమనండి. రిక్వైర్‌మెంట్స్‌లో పుట్టిన లోపాలు 50 అనుకుంటే, వాటిలో 40 రిక్వైర్‌మెంట్స్ రివ్యూలోనే దొరికి, 10 తర్వాతి దశల్లో బయటపడితే, 80 శాతం అక్కడే ఆగాయన్నమాట. ఇందులో ఎవరి పేరూ ఉండదు, డాక్యుమెంట్ రకం, దశ మాత్రమే ఉంటాయి, పైగా రివ్యూలో ఎక్కువ లోపాలు దొరికితే ఈ అంకె మెరుగవుతుంది, కాబట్టి దాచిపెట్టే అవసరమే రాదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి, ఈ శాతం ప్రాజెక్టు నడుస్తున్నంతకాలం మారుతూనే ఉంటుంది, మిగతా లోపాలు ఇంకా బయటపడాలి కదా. మొదటి నెలలో 100 శాతం అని ఎవరైనా సంబరపడితే ఆపండి.

హెచ్‌ఆర్ ప్రకటన తర్వాత సేకరించిన రివ్యూ డేటాను బేస్‌లైన్‌లో కలపకండి. తీసేయనక్కర్లేదు, "ఈ తేదీ నుంచి నమ్మదగినది కాదు" అని గుర్తుపెట్టి పక్కన ఉంచండి. వ్యక్తుల రేటింగ్‌కు వాడబోమన్న హామీ రాతపూర్వకంగా తీసుకున్నాకే కొత్తగా మొదలుపెట్టండి. మనుషులు ఒకసారి భయపడ్డాక నోటి మాటతో నమ్మరు.

ప్రశ్న (ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంటెక్ విద్యార్థి): సీఎంఎంఐకీ, స్పైస్‌కీ కొలత విషయంలో తేడా ఏమిటి? పరీక్ష కోసం కాదు, ఒక ఆటోమోటివ్ కంపెనీ ఇంటర్వ్యూ ఉంది.

జవాబు: స్పైస్ ప్రతి ప్రాసెస్‌కు విడివిడిగా 0 నుంచి 5 దాకా స్థాయి ఇస్తుంది, మొదట ఐఎస్ఓ/ఐఈసీ 15504గా ఉండేది, 2015 నుంచి 33000 వరుసలోకి మారింది. సీఎంఎంఐలో కూడా ఒక్కో ప్రాక్టీస్ ఏరియాకు విడిగా స్థాయి చూడొచ్చు కానీ మన దగ్గర ఎక్కువమంది చెప్పుకునేది కంపెనీకి మొత్తంగా వచ్చే 1 నుంచి 5 మెచ్యూరిటీ లెవెల్. స్పైస్‌లో ఒక్కో లక్షణం ఎంతవరకు నెరవేరిందో నాలుగు అక్షరాల్లో చెప్తారు: 15 శాతం దాకా ఎన్ (నెరవేరలేదు), 50 దాకా పీ (కొంత), 85 దాకా ఎల్ (చాలావరకు), ఆపైన ఎఫ్ (పూర్తిగా). ఒక స్థాయి రావాలంటే ఆ స్థాయి లక్షణాలు కనీసం ఎల్ ఉండాలి, కింది స్థాయిలవన్నీ ఎఫ్ ఉండాలి. ఇంటర్వ్యూలో ఇది తప్పకుండా అడుగుతారు. పనితీరును గణాంకాలతో అంచనా కట్టడం రెండిట్లోనూ లెవెల్ 4 దగ్గరే మొదలవుతుంది. ఆటోమోటివ్‌లో సప్లయర్లను సాధారణంగా అడిగేది లెవెల్ 2, 3 మాత్రమే, కాబట్టి లెవెల్ 5 గురించి గంటసేపు చదివేకన్నా, ఒక రిక్వైర్‌మెంట్‌ను డిజైన్ మీదుగా టెస్ట్ దాకా ఎలా వెతుక్కుంటూ వెళ్లాలో చేతికొచ్చేలా చూసుకోండి. కొలత పద్ధతి మీద విడిగా చదవాలంటే ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 15939 చూడండి. సమాచారం ఎవరికి ఎందుకు కావాలో అన్నదగ్గరే అది మొదలవుతుంది, నాకు అందుకే ఇష్టం. ఆల్ ద బెస్ట్.

ప్రశ్న (మల్కాపురం నుంచి ఒక డిజైన్ ఇంజనీర్): మేము ఓడల పరికరాలకు డిజైన్ పని చేసే సబ్‌కాంట్రాక్టర్లం. కంట్రోల్ చార్టులు బోల్టులు లక్షల్లో తయారు చేసేవాళ్లకు సరే, మాకు ఒక ఓడ పని పూర్తవడానికే ఏళ్లు పడుతుంది. ఒకటి రెండు ఓడలతో ఏ బేస్‌లైన్ తీయగలం? మోడల్ రాసినవాళ్లకు మా పని తెలియదనిపిస్తుంది.

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు అన్నింటికన్నా నచ్చిన ప్రశ్న ఇది, తొందరపడకుండా చెప్తాను.

ఓడ ఒక్కటే, నిజమే. కానీ ఆ ఓడ కోసం మీరు చేసే పనులు ఒక్కొక్కటీ ఎన్నిసార్లు చేస్తారు? డ్రాయింగ్ గీసి ఆమోదానికి పంపడం వేలసార్లు. ఇంటర్‌ఫేస్ తేల్చుకోవడం, అంటే ఈ పంపు పైపు ఎక్కడ వచ్చి కలుస్తుంది, కేబుల్ ఏ రంధ్రం గుండా పోతుంది లాంటివి, వందలసార్లు. ప్రాసెస్ పనితీరు కొలిచేటప్పుడు లెక్కలోకి వచ్చేది వస్తువుల సంఖ్య కాదు, ఆ పని ఎన్నిసార్లు జరిగింది అన్నది. అలా చూస్తే మీ దగ్గర డేటా కుప్పలుగా ఉంది, వాడటం లేదంతే.

ఓడ బరువునే తీసుకోండి, ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఖాళీ ఓడ బరువు ఎంత, దాని గరిమనాభి ఎంత ఎత్తులో ఉంది అన్నవి డిజైన్ అంతా కాపాడుకోవాల్సిన రెండు అంకెలు. బరువు పెరిగితే మునక పెరుగుతుంది, మోసే సరుకు తగ్గుతుంది, గరిమనాభి పైకి పోతే ఓడ నిలకడ దెబ్బతింటుంది. అందుకే మొదట్లోనే కొంత మార్జిన్ ఉంచుతారు, పని సాగేకొద్దీ ఆ మార్జిన్ ఎంత తినేశామో చూస్తుంటారు. సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో దీన్ని టెక్నికల్ పెర్ఫార్మెన్స్ మెజర్ అంటారు. ఇది ఓడ ఎలా తయారవుతోందో చెప్తుంది, మీ అంచనా వేసే పద్ధతి ఎలా ఉందో చెప్పదు. ఆ రెండోదే ప్రాసెస్ కొలత.

దానికి ఇలా చేయండి. యార్డుకు వచ్చే ప్రతి పరికరాన్ని ఎక్కించే ముందు తూకం వేస్తారు కదా, అసలు బరువును మీ డిజైన్‌లో అనుకున్న బరువుతో పోల్చి, తేడా శాతంగా రాసుకుంటూ పోండి. పంపులు ఒక వరుస, కేబుల్ ట్రేలు ఒక వరుస, వాల్వులు ఒక వరుస, కలపొద్దు. ముప్పై నలభై పరికరాలయ్యేసరికి మీకు రెండు విషయాలు కనబడతాయి. ఒకటి, సగటు తేడా సున్నా దగ్గర ఉందా, లేక ఎప్పుడూ ఒకవైపే ఉందా. కేటలాగ్‌లో రాసిన బరువులో ఫౌండేషన్ ఫ్రేమ్, లోపల నిండే నూనె, నీళ్లు లెక్కలోకి రాకపోతే ప్రతిసారీ తక్కువే అంచనా వేస్తారు, అది ఎవరో ఒకరి పొరపాటు కాదు, పద్ధతిలోనే ఉన్న వాలు. రెండోది, తేడాలు ఎంత వెడల్పుగా చెదిరి ఉన్నాయి. వాలు తెలిస్తే దిద్దుకోవచ్చు, వెడల్పు తెలిస్తే తర్వాతి ఓడకు ఎంత మార్జిన్ పెట్టాలో ఊహించకుండా చెప్పొచ్చు. చివర్లో ఇంక్లైనింగ్ పరీక్ష చేసి ఓడను కొద్దిగా వంచి చూసేటప్పుడు అసలు బరువు, గరిమనాభి ఎలాగూ బయటపడతాయి. కానీ అప్పటికి చేయగలిగేది బ్యాలస్ట్ (నిలకడ కోసం అదనపు బరువు) వేసుకోవడం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. వందలాది చిన్న తూకాల్లో ఆ సంగతి ఏడాది ముందే మీ చేతిలో ఉంటుంది.

ముందే తెలియడం అనే మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఒక్కసారి మాత్రమే చేసే పెద్ద పనుల్లో కొలత విలువ అంతా అందులోనే ఉంది. ఎంఐటీ, సిస్టమ్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఇన్‌కోసీ, కొలతల మీద పనిచేసే పీఎస్ఎం వాళ్లు కలిసి సిస్టమ్స్ ఇంజనీరింగ్ లీడింగ్ ఇండికేటర్స్ (ముందే హెచ్చరించే సూచికలు) మీద 2007లో ఒక గైడ్ తెచ్చారు, 2010లో దాన్ని పెంచారు. అందులో చెప్పినవి మీ పనికి బాగా సరిపోతాయి: వారానికి ఎన్ని రిక్వైర్‌మెంట్లు మారుతున్నాయి, "తర్వాత తేలుద్దాం" అని వదిలేసినవి తగ్గుతున్నాయా, ఇంటర్‌ఫేస్‌లు అనుకున్న వేగంతో ఖరారవుతున్నాయా, రివ్యూలో ఒప్పుకున్న పనులు ఎన్నాళ్లకు పూర్తవుతున్నాయి. "తర్వాత తేలుద్దాం" జాబితా స్టీల్ కటింగ్ నాటికి ఎక్కడుందో చూస్తే చాలు, ఆ తర్వాత ఎంత తిరిగి కోసి అతకాల్సి వస్తుందో అనుభవమున్న సూపర్‌వైజర్ ఎవరైనా చెప్పేస్తారు. కాబట్టి అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, తూకం, ఆ జాబితా, ఈ రెండూ ఒక ఓడ పొడవునా వదలకుండా నడపండి.

మోడల్ రాసినవాళ్లకు మీ పని తెలియదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. రిక్వైర్‌మెంట్స్, ఇంటర్‌ఫేస్‌లు, వెరిఫికేషన్ లాంటివి ఆ సిస్టమ్స్ ఇంజనీరింగ్ మోడళ్లలోకి రక్షణ, విమానయాన రంగాల్లో మీలాగే తక్కువ సంఖ్యలో పెద్ద వస్తువులు చేసేవాళ్ల అనుభవంలోంచే వచ్చాయి. మనకు బోధించేవాళ్లు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చారు, అందుకే అలా అనిపిస్తుంది.

ప్రశ్న (కూర్మన్నపాలెం నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీర్): ఈ లెవెల్స్ వల్ల పని నిజంగా బాగుపడిందని ఎవరైనా చూపించారా, లేక గోడకు సర్టిఫికెట్ తగిలించుకోవడానికేనా?

జవాబు: అడగాల్సిన ప్రశ్నే సార్. అమెరికాలో రక్షణ పరిశ్రమల సంఘం ఎన్‌డీఐఏ, ఐఈఈఈ, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 148 ప్రాజెక్టుల సమాచారం సేకరించి 2012లో ఫలితాలు ప్రచురించాయి. సిస్టమ్స్ ఇంజనీరింగ్ పద్ధతులు తక్కువగా పాటించిన ప్రాజెక్టుల్లో 15 శాతం మాత్రమే ఖర్చు, గడువు, పనితీరు విషయంలో పై వరుసలో నిలిచాయి, మధ్యరకంగా పాటించినవాటిలో 24 శాతం, బాగా పాటించినవాటిలో 57 శాతం. కష్టమైన ప్రాజెక్టుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ కనిపించింది. ఇది ప్రాజెక్టుల వాళ్లు తమకు తాము చెప్పుకున్న సమాధానాల మీద చేసిన సర్వే, మంచి జట్లు మంచి పద్ధతులూ పాటిస్తాయి, ఫలితాలూ సాధిస్తాయి, కాబట్టి పద్ధతి వల్లే ఫలితం వచ్చిందని దీన్నిబట్టి గట్టిగా చెప్పలేం. అయినా ఇంత తేడాను తోసిపుచ్చడం నాకు సరికాదనిపిస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే వాళ్లు చూసింది సర్టిఫికెట్‌ను కాదు, ప్రాజెక్టులో జరిగిన పనిని. రిక్వైర్‌మెంట్లు రాశారా, ప్లాన్ ఉందా, వెరిఫికేషన్ చేశారా అని అడిగారు. గోడమీద లెవెల్ 5 ఉన్న కంపెనీలో మీ ప్రాజెక్టు అలా జరుగుతోందన్న హామీ ఏమీ లేదు, లెవెల్ ఇవ్వడానికి అప్రైజల్ (తనిఖీ) చేసేవాళ్లు చూసేది ఎంపిక చేసిన కొన్ని ప్రాజెక్టులనే. పని ఇచ్చేవాళ్లు లెవెల్ ఎంత అని అడిగి ఊరుకోకుండా, మా పని చేయబోయే టీమ్ బేస్‌లైన్ చూపించండి అని అడిగితే చాలా మారుతుంది.

ప్రశ్న (గాజువాక ఆటోనగర్ నుంచి ఒక యజమాని): కంట్రోల్ ప్యానెళ్లు చేసి పెద్ద ప్లాంట్లకు ఇస్తాం, మొత్తం 18 మందిమి. ఈ మధ్య ఒక కస్టమర్ "మీ ప్రాసెస్ మెచ్యూరిటీ ఏమిటి" అని ఫారం పంపాడు. మా కుర్రాళ్లేమో "ఏటండీ ఈ రాతలు, పని చేసుకోనివ్వండి" అంటున్నారు. సీఎంఎంఐకి వెళ్లాలా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే వద్దు. అప్రైజల్‌కు అయ్యే ఖర్చు, దానికి తయారవడానికి పోయే సమయం 18 మంది ఉన్న చోట భారమవుతాయి, పైగా ఆ ఫలితం మూడేళ్ల దాకానే చెల్లుతుంది. 25 మంది దాకా ఉండే చిన్న సంస్థల కోసమే ఐఎస్ఓ/ఐఈసీ 29110 అని విడిగా ఉంది, అందులో సిస్టమ్స్ ఇంజనీరింగ్‌కూ గైడ్లు ఉన్నాయి. కస్టమర్‌కు ఆ పేరు చెప్పి, దాని ప్రకారం పని పెట్టుకుంటున్నామని రాయొచ్చు, కానీ రాసే ముందు నిజంగా మొదలుపెట్టండి.

కొలతల సంగతి. మీ కుర్రాళ్ల మాటలో న్యాయం ఉంది, వాళ్లకు ఉపయోగం కనిపించని రాత ఎవరూ నిజాయితీగా రాయరు. ఒక నోట్‌బుక్ పెట్టండి, ప్యానెల్‌కు ఒక వరుస. ఆర్డర్ ఖరారైన రోజు, డ్రాయింగ్‌కు కస్టమర్ ఆమోదం వచ్చిన రోజు, డిస్పాచ్ రోజు. ఆమోదం తర్వాత కస్టమర్ అడిగిన మార్పులు ఎన్ని. మీ దగ్గర టెస్టింగ్‌లో దొరికిన వైరింగ్ తప్పులు ఎన్ని, సైట్‌లో దొరికినవి ఎన్ని. ఇంతే, ప్యానెల్‌కు రెండు నిమిషాల పని. ఇరవై ప్యానెళ్లయ్యాక మధురవాడ పాఠకుడికి చేసి చూపించిన లెక్కే మీ రోజుల మీద వేయండి, మీ ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే అరగంటలో చేసిపెడతారు. ఆలస్యం మీ షాపులో జరుగుతోందా, ఆమోదం కోసం కస్టమర్ దగ్గర ఆగుతోందా తేలిపోతుంది. కస్టమర్ దగ్గరే అయితే ఈసారి ఫారంతో పాటు ఆ పేజీ జిరాక్స్ కూడా జతచేసి పంపండి, లేట్ డెలివరీ పెనాల్టీ మీద మాట్లాడుకోవడానికి మీకు ఆధారం ఉంటుంది. మీ షాపులోనే అయితే సైట్‌లో దొరికిన తప్పుల వరుస ముందు చూడండి, ఒకే రకం టెర్మినల్ తప్పు పదేపదే కనిపిస్తే దాన్ని టెస్టింగ్ చెక్‌లిస్ట్‌లో మొదటి అంశంగా పెట్టి, ఆ కుర్రాళ్లనే కూర్చోబెట్టి ఎందుకొస్తోందో అడగండి.